కొట్టుగది కింద ఊక

మార్గశిరం రెండో మంగళవారం, తెల్లవారి అయిదూ ఇరవైకి మా వదిన చేతికర్రతో నేలను గట్టిగా కొట్టారు. ఆ గదికి చెక్కల నేల కావడం వల్ల చప్పుడు ఇల్లంతా వినిపించింది. నేను అప్పుడే పాలు పొయ్యి మీద పెట్టాను. పొయ్యి ఆపేసి వెళ్ళాను.

వదిన మంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు, వాటి మీద మా ఆయన మఫ్లరు.

"ఏమే, నన్ను గదిలో పడుకోబెట్టావా, కాలవ గట్టు మీద పడుకోబెట్టావా?" అన్నారు.

"ఏమైంది వదినా?"

"ఆ సందు మీద చెయ్యి పెట్టి చూడు."

మంచం పక్కన రెండు చెక్కలు కలిసే చోట అరచెయ్యి పెట్టాను. కింద నుంచి సన్నగా గాలి కొడుతోంది. తడిగుడ్డ తగిలినట్టుంది. కిటికీలు రెండూ ముందురోజు నేనే బిగించాను, తలుపు కింద గుడ్డ దోపాను. నేల సంగతి నాకు తట్టలేదు.

వదిన అంటే మా ఆయన అక్కగారు. ఎనభై ఒకటి నిండాయి, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. నాలుగేళ్ళ కిందట రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయ్యాక, మూడు నెలలు ఉండి వెళతానని పుట్టింటికి వచ్చారు. వెళ్ళలేదు. ఆవిడ కొడుకు రాజమండ్రిలో ఒక అపార్టుమెంటు అయిదో అంతస్తులో ఉంటాడు. నెలకోసారి కారులో వచ్చి, భోజనం చేసి, "అమ్మా, వచ్చెయ్యరాదా" అంటాడు. "వచ్చే నెల చూద్దాంలేరా" అంటారు ఆవిడ. ఆ మాటకి అర్థం మా ముగ్గురికీ తెలుసు.

కిందటి చలికాలం ఆవిడకి రెండుసార్లు ఆయాసం వచ్చింది. రెండోసారి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. అప్పుడు మేనల్లుడు మా అందరి ముందూ ఒక మాట అనేశాడు. "ఇంకొక్కసారి ఇక్కడ ఉండగా ఆయాసం వచ్చిందంటే నేను తీసుకుపోతాను. మళ్ళీ పంపను. సరేనా అమ్మా?" వదిన కాసేపు ఆలోచించి సరే అన్నారు. మా అత్తింటి వాళ్ళకి మాట అంటే మాటే. అందుకని ఆ రోజు నుంచి ఆవిడకి ఆయాసం రాకుండా చూడడం నా పని అయింది. ఎవరూ నాకు అప్పజెప్పలేదు. మా ఇంట్లో ఏ పనీ ఎవరూ ఎవరికీ అప్పజెప్పరు, నా దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఆ గది గురించి చెప్పాలి. అది ఒకప్పుడు ధాన్యం కొట్టు. మా మామగారు కట్టించారు. పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. కాలవ మా పెరటి గోడకి అరవై అడుగుల దూరం. అందుకని ధాన్యానికి చెమ్మ తగలకుండా భూమి మీద రెండడుగుల ఎత్తు రాళ్ళు నిలబెట్టి, వాటి మీద దూలాలు పరిచి, దూలాల మీద మద్ది చెక్కలు కొట్టించారు. కింద నాలుగు వైపులా ఖాళీ. కోళ్ళు, పిల్లులు అందులోనుంచి ఇటు దూరి అటు వస్తాయి. ఇప్పుడు ధాన్యం కళ్ళంలోనుంచే మిల్లుకి పోతోంది కాబట్టి కొట్టుతో పని లేకుండా పోయింది. దానికి సీలింగు వేయించి, పక్కన కమోడ్ ఉన్న స్నానాలగది కట్టించి పడకగది చేశాం. ఇంట్లో కమోడ్ అదొక్కటే. వదిన మోకాళ్ళు వంగవు. మిగిలిన గదులకి గ్రానైట్ వేయించి ఉంది, దాని మీద కాలు పెడితే ఐసు మీద పెట్టినట్టు ఉంటుందని ఆవిడే అంటారు. అందుకని వదిన ఉంటే ఆ గదిలోనే ఉండాలి.

ఆ రోజు మొదలు ఇరవై రోజులు ఆ గాలితో నేను పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదు.

మొదట చెక్కల మీద దుప్పట్లు పరిచాను. వదిన కర్ర దుప్పటిలో చిక్కుకుని పడబోయారు. దుప్పట్లు తీసేసి గోనెసంచులు కుట్టి పరిచాను. గోనెలో దుమ్ముకి తుమ్ములు మొదలయ్యాయి. కుంపటి పెడదామా అంటే పొగ ఆయాసానికి పనికిరాదు. గది వేడిచేసే కరెంటు హీటరు తెప్పిస్తే అది ఆవిడ గొంతు ఎండబెట్టింది, పైగా రెండోరోజు ఇల్లంతా ఫ్యూజు పోయింది. అప్పుడు పై నుంచి కాదు, కింద నుంచి మూయాలని నాకు తోచింది. ధాన్యం కప్పే బరకాలు తెచ్చి కొట్టు చుట్టూ రాళ్ళకి కట్టించాను. గాలి వచ్చినప్పుడల్లా అవి తెరచాపల్లా ఉబ్బి పటపటా కొట్టుకునేవి.

"ఇంటిని సముద్రంలోకి తోలుకుపోతావేంటే?" అన్నారు వదిన.

తర్వాత థర్మోకోల్. కోళ్ళఫారాల వాళ్ళు రేకుల కింద కొట్టిస్తారని విని, అట్టలు తెప్పించాను. వడ్రంగి రేపు వస్తానండి, రేపు వస్తానండి అంటూ ఏడు రోజులు తిప్పి, ఎనిమిదో రోజు వచ్చాడు. కొట్టు కిందికి బోర్లా పాకి, చెక్కలకి అడుగు నుంచి ఆ అట్టలు మేకులతో బిగించాడు. బయటికి వచ్చి నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఇంకెప్పుడూ నన్ను ఈ పనికి పిలవకండి. సమాధిలో పడుకుని పని చేసినట్టుందండి."

"పని కుదిరిందా లేదా?"

"కుదిరిందండి. ఆయ్."

నాలుగో రోజుకి పెరడంతా తెల్లటి గుండ్లు. పందికొక్కులు అట్టలు మొత్తం కొరికేశాయి. గుండ్లు కోళ్ళు తినబోతే నేను కర్ర పట్టుకుని వాటి వెంట తిరగాల్సి వచ్చింది. మా ఆయన అరుగు మీద పేపరు చదువుతూ చూస్తున్నారు.

"హిమాలయాల్లో ఉన్నట్టుంది" అన్నారు.

"మీరు ఒక కోడిని పట్టుకోండి."

"నేను పట్టుకుంటే అది ఆగుతుందా?"

ఆయన అక్కగారి చలి గురించి ఆయన చేసిన సాయం ఆ మఫ్లరు ఒక్కటే అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఊక ఆలోచన నాకు ఐసు దగ్గర వచ్చింది. మా ఊరి చివర రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలు పట్టే రోజున ఐసు దిమ్మలు తెచ్చి షెడ్డులో వేసి, పైన ఊక కప్పి ఉంచుతారు. ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకి అటు వెళుతూ ఆగి చూశాను. చేపలు అమ్మే ఆవిడ ఊక పక్కకి తీసి ఐసు పగలగొట్టుకుంటోంది. దిమ్మ అంచులు కూడా కరగలేదు.

"పొద్దున్న దింపిందా ఇది?" అని అడిగాను.

"నిన్న దింపారండి. పైన ఊకుంటే ఎండేం చేత్తాదండి దీన్ని."

దారి పొడుగునా లెక్క వేసుకుంటూ వచ్చాను. ఊక బయటి వేడిని లోపలికి పోనివ్వకపోతే, కింది చలిని పైకి రానివ్వదు. పద్దెనిమిది ఇంటూ పన్నెండు ఇంటూ రెండు, నాలుగు వందల ముప్పై రెండు ఘనపుటడుగులు. రాళ్ళు, దూలాలు తీసేస్తే నాలుగు వందలు. రెండు ట్రాక్టరు ట్రక్కుల ఊక. ఇంటికి వచ్చి చెప్పాను.

"నాన్న ఆ ఖాళీ ఊరికే వదిలారంటావా?" అన్నారు మా ఆయన.

"ధాన్యం కోసం వదిలారు. ధాన్యానికి ఆయాసం రాదు."

వదిన మంచం మీద నుంచే అన్నారు: "దాన్ని చెయ్యనియ్యరా. నువ్వెలాగూ ఏం చెయ్యవు."

మండపేట వైపు మిల్లులు ఇప్పుడు ఊక బయటికి ఇవ్వడం తగ్గించాయి. వాళ్ళ బాయిలర్లకే వాడుకుంటారు, మిగిలింది ఇటుకల బట్టీలకి పోతుంది. మూడు చోట్ల అడిగాక నాలుగో చోట దొరికింది. అది చిన్న మర, ఊకలో కొంచెం తవుడు కలిసి ఉంది. గుప్పెట్లో పట్టి ఊదితే తెల్లటి పొడి లేచింది. శుభ్రమైన ఊక కావాలని అడిగాను. "ఉన్నది ఇదేనండి, కావాలంటే తీసుకోండి" అన్నారు. చలి ముదురుతోంది. తీసుకున్నాను.

ట్రాక్టరు అతను పెరట్లో దింపుతూ చుట్టూ చూశాడు.

"ఇటుకల బట్టీ ఎక్కడండి?"

"బట్టీ కాదు. కొట్టు కింద పోయాలి."

"కిందా? దేనికండి?"

"చలికి."

అతను మా ఆయన వంక చూశాడు. మా ఆయన పేపరు తిరగేశారు.

మేస్త్రీ చేత కొట్టు చుట్టూ ఇటుక కట్టించాను. లోపల నాలుగు చెక్కలు లేపి, పై నుంచి ఊక పోసి, కర్రలతో మూలలకి తోయించి, దూలాల దాకా నింపించాను. వదిన ఆ రెండు రోజులూ హాల్లో కుర్చీలో కూర్చుని, "అటు మూల తక్కువ పడింది చూడు" అని కనపడని మూల గురించి చెబుతూనే ఉన్నారు. ఊక నిండాక చెక్కలు మళ్ళీ బిగించి, సందుల్లో లప్పం పెట్టించాను. బయట గోడకి సిమెంటు పూయించాను. మేస్త్రీ దక్షిణం వైపు వేలు పట్టేంత రంధ్రం వదిలేసి వెళ్ళిపోయాడు. ఫోను చేసి, మళ్ళీ రప్పించి, నా కళ్ళ ముందు మూయించాను. నాలుగు వైపులా ఒక్క చీమ దూరే సందు లేదు.

పుష్యం మొదటి శనివారం పొద్దున్న వదిన మేజోళ్ళు విప్పేసి ఉత్తి కాళ్ళు నేల మీద పెట్టారు. 

"పిల్లి పొట్ట మీద కాలు పెట్టినట్టుందే" అన్నారు.

నా మీద ఆవిడ మెచ్చుకోలు అంతవరకే. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "మా తమ్ముడు ఊక పోయించాడు" అని చెప్పారు. మా ఆయన కాదనలేదు. మాఘంలో మేనల్లుడు వచ్చాడు. ఆత్రేయపురం మీదుగా వస్తూ పూతరేకులు తెచ్చాడు. వంగి నేల మీద అరచెయ్యి పెట్టి, మూడు చోట్ల చూసి లేచాడు.

"బాగానే ఉంది అత్తయ్యా" అన్నాడు.

"ఈ చలికాలం ఒక్క దగ్గు కూడా లేదు" అన్నాను.

"చూస్తున్నాను."

ఆ రోజు అతను 'వచ్చెయ్యరాదా' అనలేదు. వాళ్ళ అమ్మ కొడుకు విస్తట్లో మూడో పూతరేకు వేశారు.

ఎండాకాలంలో గదిలో మిల్లు దగ్గర వచ్చే వాసన వచ్చేది. వదినకి అది ఇష్టం. నాన్న ధాన్యం ఉన్నప్పుడు ఇలాగే ఉండేది అనేవారు. గోడ వెంట సన్నటి ఎర్రటి పురుగులు కనిపిస్తే వేపాకు పెట్టాను. అంతకుమించి ఏమీ లేదు.

జ్యేష్ఠంలో కాలవలు వదిలారు. కాలవ వదిలిన పదిహేను రోజులకి మా పెరట్లో ఊట ఎక్కుతుంది. కొట్టు కింద మట్టి నల్లబడుతుంది, కోడి నడిస్తే అడుగు పడుతుంది. తర్వాత గాలికి ఆరిపోతుంది, మళ్ళీ నల్లబడుతుంది. కార్తీకం దాకా ఇదే వరస. ఈ ఇంటికి వచ్చిన నలభై తొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్నదే. ఊక పోయించిన పుష్యంలో ఆ మట్టి అప్పడంలా పొడిగా ఉంది. నా లెక్కలో పొడవు ఉంది, వెడల్పు ఉంది, ఎత్తు ఉంది. జ్యేష్ఠం లేదు.

ఆషాఢంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ లేదు. ఇంట్లో గ్రానైటు నేల చెమట పట్టింది, బట్టలు ఆరలేదు. ఆ గదిలో మాత్రం నేల వెచ్చగా ఉంది.

"చూశావా, వానాకాలం కూడా పనిచేస్తోంది" అన్నారు వదిన.

నేను చెయ్యి పెట్టి చూశాను. నిజమే. చలికాలం కన్నా వెచ్చగా ఉంది. మా ఆయన మధ్యాహ్నం పూట చాప తెచ్చుకుని అక్కగారి గదిలో నేల మీద పడుకోవడం మొదలుపెట్టారు. నడుం నొప్పికి కాపడం పెట్టినట్టుంది అన్నారు. నేను సంతోషించాను. ఊక చలిని ఆపగలదు కానీ, వేడి ఎక్కడ నుంచి తెస్తుంది అని ఒక్కరం కూడా అనుకోలేదు. తవుడు కలిసిన ఊక తడిస్తే ఏమవుతుందో గేదెలు కాసిన ఇంటి కోడలిగా నాకు తెలియాలి. తడిసిన తవుడు గోలెంలో మర్నాటికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. కానీ మంచం కింద ఉన్నదాన్ని నేను గోలెంలో ఉన్నట్టు ఊహించలేదు.

శ్రావణం వచ్చేసరికి వాసన మారింది. మిల్లు వాసన పోయి, బియ్యం డబ్బాలో ముక్కిపోయిన వాసన మొదలైంది. బీరువా తీస్తే వదిన పట్టుచీరల మడతల్లో బూడిద రంగు బూజు. అగరొత్తులు వెలిగించాను, కర్పూరం పెట్టాను, బీరువాని ఎండలో పెట్టిద్దామంటే ఎండ లేదు. ఒక ఉదయం ఊడుస్తుంటే మంచం కాలి పక్కన లప్పం పగిలి, చెక్కల సందులోనుంచి నాలుగు పుట్టగొడుగులు లేచి ఉన్నాయి. చిన్నవి, చొక్కా గుండీ అంత.

"అవేంటే?" అన్నారు వదిన.

"ఏం లేదు వదినా." పీకి, కొంగులో వేసుకుని బయటికి తెచ్చాను.

వడ్రంగికి ఫోను చేశాను. రేపు వస్తానండి అన్నాడు. మర్నాడు చేస్తే తీయలేదు. దగ్గు అప్పటికే మొదలైంది. వదిన దాన్ని నాకు వినపడకుండా దగ్గుతున్నారు. నేను గుమ్మంలోకి రాగానే నీళ్ళ గ్లాసు ఎత్తి నోటికి పెట్టుకునేవారు.

"దగ్గు వస్తోందా?"

"పోలమారింది."

"రోజుకి ఎన్నిసార్లు పోలమారుతుంది?"

"నువ్వు లెక్కపెడుతున్నావుగా, నువ్వే చెప్పు."

హాల్లోకి మారమన్నాను. స్నానాలగదికి నేను పట్టుకుని తీసుకొస్తానన్నాను. "మా నాన్న ఇంట్లో హాల్లో మంచం వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడుతూ పడుకోవాలా?" అన్నారు. ఆ మాట మీద రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

శ్రావణం మూడో శుక్రవారం ఉదయం పదింటికి ఆయాసం వచ్చింది. మాట రావడం లేదు, పెదవులు నల్లబడుతున్నాయి. మా ఆయన కళ్ళజోడు వెతుక్కుంటుంటే ఫోను నేనే తీసుకుని కారుకి చెప్పాను. రాజమండ్రి చేరేసరికి పన్నెండు దాటింది. మేనల్లుడు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. 

సాయంత్రం డాక్టరు బయటికి వచ్చారు. కొంచెం తేలికపడ్డారని చెప్పారు. తర్వాత అడిగారు: "ఇంట్లో తడిసిన గడ్డి, ధాన్యం లాంటిది ఏమైనా నిల్వ ఉందా అండి? ఇది చలికి వచ్చింది కాదు. బూజుకి వచ్చినట్టుంది."

"లేదండి. ధాన్యం ఎప్పుడో మానేశాం" అన్నారు మా ఆయన.

"ఉంది" అన్నాను. "మంచం కింద ఉంది. నాలుగు వందల ఘనపుటడుగుల ఊక."

డాక్టరు నా వంక, మేనల్లుడు గోడ వంక చూశారు.

వదినని మేనల్లుడు ఆసుపత్రి నుంచి తన ఇంటికి తీసుకెళ్ళాడు. మేం వెనక్కి వచ్చాం. మర్నాడు వడ్రంగి చెప్పకుండానే వచ్చాడు, ఊళ్ళో విన్నాడు. మంచం జరిపి, గునపం మొన చెక్కల మధ్య పెట్టి ఎత్తాడు. చెక్క లేవలేదు, నానిన రస్కులా విరిగి వచ్చింది. పైన మేం రోజూ తుడిచే నునుపు అలాగే ఉంది, అడుగున వేలు పెడితే దిగిపోతోంది. ఆ కన్నంలోనుంచి ఆవిరి వచ్చింది. కింద ఊక నల్లగా, దాని మీద తెల్లటి దారాలు అల్లుకుని, చెయ్యి పెడితే అన్నం గిన్నెలా వేడిగా ఉంది.

"దీని మీదేనండి పెద్దమ్మగారు పడుకున్నది?" అన్నాడు వడ్రంగి.

"దీని మీదే."

"నేను అట్టలు కొట్టినప్పుడు చెక్కలు ఇనుములా ఉన్నాయండి. మేకు దిగడానికి చచ్చాను."

గోడ పగలగొట్టించి, ఊక గంపలతో తీయించడానికి ఆరు రోజులు పట్టింది. ఇటుకల బట్టీ వాళ్ళు తడిది వద్దన్నారు. కొబ్బరిచెట్ల మొదళ్ళలో పోయించాను. వాసనకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఖర్చు సంగతి వేరే రాసుకున్నాను, ఇక్కడ అక్కర్లేదు.

ఆ ఆరు రోజులూ పొద్దున్నే ఏడింటికి వదిన ఫోను చేశారు.

"ఆరిందా?"

"తీస్తున్నారు వదినా."

"తొందరగా తియ్యమను. ఇక్కడ కాఫీలో పంచదార చెంచాతో కొలిచి వేస్తున్నారు."

నేను వడ్రంగి చేత కొత్త చెక్కలకి కొలతలు తీయించాను. ఈసారి కింద ఖాళీ వదిలేసి, పైన మందపాటి రబ్బరు చాప వేయించాలని, చలి నెలల్లో మాత్రం గాలి వచ్చే వైపు తీసేసుకునే చెక్క తలుపులు పెట్టించాలని ఆలోచించాను. కార్తీకం లోపల అయిపోతుంది. ఆ మాట మేనల్లుడికి ఫోనులో చెప్పాను.

"అత్తయ్యా, మీరు ఎంత చేశారో నాకు తెలుసు" అన్నాడు. ఆ మాట వినగానే అర్థమైంది. కాదనేవాళ్ళే అలా మొదలుపెడతారు.

భాద్రపదం రెండో ఆదివారం ఉదయం పదకొండున్నరకి కారు వచ్చింది. సామాను తీసుకెళ్ళడానికి వదిన తనే వచ్చారు. మనిషి చిక్కిపోయారు, మాట చిక్కలేదు. కర్ర ఊతంతో కొట్టుగది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. లోపల నేల లేదు. రాళ్ళు, వాటి మధ్య నల్లటి మట్టి, దాని మీద ఒక కోడి.

"ఏరా, నా మంచం చోట కోడి నిలబడిందేంటి?" అన్నారు మా ఆయనతో.

 ఆయన అరుగు మీదికి వెళ్ళిపోయారు. పేపరు తీయలేదు.

"కార్తీకానికల్లా అయిపోతుంది వదినా" అన్నాను. "కొత్త చెక్కలకి అడ్వాన్సు ఇచ్చాను. అప్పటిదాకా అక్కడ ఉండి రండి. మాట దాటినట్టు కూడా కాదు, నేల బాగుచేసేదాకా వెళ్ళినట్టు."

"అమ్మా," అన్నాడు మేనల్లుడు వెనక నుంచి.

"ఉండరా. నేను మాట్లాడుతున్నాను." నా వైపు తిరిగారు. "వాడు అడిగినప్పుడు నేను సరే అన్నానా, లేదా?"

"అన్నారు."

"నేల బాగాలేక వస్తే లెక్కలోకి రాదు అని చెప్పానా?"

"చెప్పలేదు."

"మరి? నువ్వు లెక్కల మనిషివి కదే. లెక్క తప్పితే ఒప్పుకోవా?"

"తప్పింది లెక్క కాదు, నేల కింద నీళ్ళు."

"అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి" అన్నారు వదిన.

 కోపం వచ్చింది. ఆవిడ మీదా, ఆవిడ కొడుకు మీదా, తవుడు కలిపి అమ్మిన మర మీదా, ఏడు రోజులు తిప్పిన వడ్రంగి మీదా, అందరి మీదా వరసగా వచ్చి, చివరికి ఎవరి మీదా నిలవలేదు. బీరువాలోనుంచి బట్టలు తీసి మడత పెట్టాను. బూజు పట్టిన పట్టుచీరలు రెండు పక్కన పెడితే, "అవి ఇంక కట్టను, బొంత కుట్టించు" అన్నారు. మందుల డబ్బా, కళ్ళజోడు, మారు చేతికర్ర, అన్నీ సంచిలో సర్దాను. మేనల్లుడు కారులో పెట్టాడు.

వదిన కారు ఎక్కబోతూ ఆగారు.

"అయిదో అంతస్తులో నేల కింద ఏముంటుందే?"

"నాలుగో అంతస్తు."

"అంటే ఎవరో మనుషులు ఉంటారు."

"ఉంటారు. వంట చేసుకుంటారు, ఫ్యాను వేసుకుంటారు."

"అయితే చలి రాదు" అన్నారు. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నారు. మేనల్లుడు తలుపు వేశాడు.

కొత్త చెక్కలు కార్తీకంలోనే వచ్చాయి. వేయించాను. చలినెలల కోసం తలుపులు కూడా పెట్టించాను. మాఘం అంతా కాలు పెట్టి చూశాను, నేల ఓ మోస్తరుగా ఉంది, గాలి రావడం లేదు. మేనల్లుడికి చెప్పాను. మంచిది అత్తయ్యా అన్నాడు. వదిన ఫోనులో రాజమండ్రి ఎండల గురించి మాట్లాడతారు, నేల గురించి అడగరు.

పోయినవి ఇవి. మామగారు వేయించిన మద్ది చెక్కలు ఇరవై నాలుగింటిలో పదిహేడు. దూలాలు నాలుగింటిలో మూడు. రాళ్ళు ఏవీ పోలేదు. పరుపు ఒకటి, బీరువా అడుగు పలక ఒకటి, పట్టుచీరలు రెండు. రెండు ట్రక్కుల ఊక. థర్మోకోల్ అట్టలు అన్నీ. వదిన ఈ ఇంట్లో ఉండడం, భాద్రపదం నుంచి.